త్రికోణం, తొట్టి, ఎర్రదారం

చొక్కా మెడ వెనక, లోపలివైపు ఒక చిన్న పట్టీ కుట్టి ఉంటుంది. గుచ్చుకుంటోందని చాలామంది దాన్ని కత్తిరించి పారేస్తారు. కత్తిరించనివాళ్ళు కూడా చదవరు. నా ఉద్యోగం మొత్తం ఆ పట్టీ చదవడమే. కలకత్తాలో, ఖిదిర్‌పూర్ డాక్ గోడకి కాస్త ఇవతల ఉన్న ఒక లాండ్రీలో చేరి, తల నెరిసి మోకాళ్ళు మొరాయించేదాకా అదే పని చేశాను. ఈమధ్య మా వీధి కుర్రాళ్ళు కొందరు అలాంటి పనుల్లో చేరుతున్నారు. వాళ్ళకి తెలుగు మాట్లాడడమే గానీ చదవడం రాదు. ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా చదివి వినిపిస్తారన్న ఆశతో ఇది రాస్తున్నాను. పని నేర్పడానికి కాదు, అది చేతులు నానితే అదే వస్తుంది. పని బాగా వచ్చిన ముగ్గురం కలిసి ఎలా బోల్తా పడ్డామో చెప్పడానికి.

మా నాన్న ఓడల మీద సరుకు దించే కూలీ. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్ళందరిలాగే నేనూ డాక్‌లోకే పోవలసినవాణ్ణి. కానీ నా నడుము చిన్నప్పుడే దెబ్బతింది. మోత పనికి పనికిరానని తేలాక నాన్న నన్ను లాండ్రీలో పెట్టించాడు. మార్కింగ్ బల్ల అని ఒకటి ఉంటుంది. వచ్చిన ప్రతి బట్టనీ దానిమీద పరిచి, జేబులు తడిమి, మరకలు చూసి, పట్టీ మీద గుర్తులు చదివి, ఏ కుప్పలో వెయ్యాలో తేల్చాలి. నీళ్ళ తొట్టి బొమ్మ ఉంటే ఉతకొచ్చు. తొట్టిలో చెయ్యి ఉంటే చేత్తోనే ఉతకాలి. తొట్టి మీద ఇంటూ కొట్టి ఉంటే నీళ్ళు తగలకూడదు. త్రికోణం బ్లీచింగుది, ఇస్త్రీపెట్టె ఇస్త్రీది. ఉత్త సున్నా ఉంటే డ్రైక్లీనింగ్. అదే సున్నా చుట్టూ చదరం గీసి ఉంటే అది వేడిగాలిలో తిప్పి ఆరబెట్టే మిషన్. ఈ చివరి రెండింటికీ తేడా తెలియక ఉన్ని స్వెట్టర్లని బొమ్మల చొక్కాలంత చేసినవాళ్ళని చాలామందిని చూశాను.

ఈ గుర్తులంటే నాకు మొదటినుంచీ ఒక ఇది. మా లాండ్రీలో ఒకడికి బెంగాలీ వచ్చు, ఒకడికి హిందీ, ఒకడికి ఒడియా, కొందరికి ఏ అక్షరమూ రాదు. ఆ తొట్టీ త్రికోణమూ మాత్రం అందరికీ ఒకటే. అలాగని అందరం ఒకేలా చదివామని కాదు. బీహార్ నుంచి వచ్చిన ఒక ఇస్త్రీ అన్న ఉండేవాడు. సున్నాలో ‘పి’ అక్షరం ఉంటే ప్రెస్ అనుకునేవాడు. అది డ్రైక్లీనింగ్‌లో ఏ మందు వాడాలో చెప్పే గుర్తు. ఆ సంగతి తెలిసేలోగా ఒక పెళ్ళికొడుకు ప్యాంటు అద్దంలా మెరిసిపోయింది. పెళ్ళికొడుకు దాన్ని చూసి కొత్త రకం బట్ట అనుకుని వేసుకుపోయాడు. దేవుడున్నాడు.

ఈ కథలో నాతోపాటు ఇంకో ఇద్దరున్నారు. ఒకరు మా ఉతుకుడు మిషన్ల పెద్ద. బెంగాలీ ఆయన. అందరం మాస్టర్‌దా, అంటే మాస్టరన్న, అనేవాళ్ళం. ఏ మరకని చూసినా ముందు దాని మీద జాలిపడేవాడు, తరవాత పని పట్టేవాడు. ఇంకొకరు రఫూ పని చేసే ఆవిడ. చిరుగు ఉన్నచోట పోగుకి పోగు అల్లి, చిరిగిన ఆనవాలు లేకుండా చెయ్యడం రఫూ. ఆవిడది మా ఊళ్ళ వైపే. నాకంటే పెద్దది గనక అప్ప అని పిలిచేవాణ్ణి. మా వైపు అక్కని అప్ప అనే అంటాం. ఆవిడ నోరు పెద్దది, చెయ్యి నేర్పరిది, మనసు ఆ రెండింటికంటే పెద్దది. ఎవరికి కష్టమొచ్చిందని విన్నా ఏదో ఒకటి కుట్టి పెట్టకుండా ఉండలేదు.

నా ఉద్యోగం చివరి ఏళ్ళలో మా యజమాని న్యూ టౌన్‌లో బట్టలు తీసుకునే కౌంటరు తెరిచాడు. అన్నీ ఆకాశానికి పోయే అపార్ట్‌మెంట్లు, కంప్యూటరు కంపెనీలు. పట్టీలు చదవగలిగినవాడు అక్కడే ఉండాలని నన్ను పంపాడు. పొద్దున్నే ఖిదిర్‌పూర్‌లో బస్సెక్కి సగం నగరం దాటి అక్కడికి పోయేవాణ్ణి. బట్టలు వ్యానులో మా పాత లాండ్రీకి, మేం ఫ్యాక్టరీ అనేదానికి, వెళ్ళి వచ్చేవి.

ఒక రోజు కౌంటరులో కూర్చుని ఫోన్‌లో అప్పతో గట్టిగా మాట్లాడుతున్నాను. “ఏటప్పా, ఆ సీర అంచు ఏటైనాది? ఆ దీదీ నా పీక మీద కూకున్నాది!” అంటున్నాను. ఎదురుగా ఒక అమ్మాయి నిలబడి నవ్వుతోంది. పక్కన వాళ్ళమ్మ. అమ్మాయి చేతిలో తెల్లకర్ర ఉంది.

“తెలుగేనా అంకుల్? ఇన్ని రోజుల నుంచి మీతోని వచ్చీ రాని హిందీల మాట్లాడుతున్న,” అంది ఆ అమ్మాయి.

కరీంనగర్ వైపు వాళ్ళట. అమ్మాయికి పుట్టుకతోనే చూపు లేదు. చదువుకుని హైదరాబాదులో ఉద్యోగం చేస్తుంటే కంపెనీవాళ్ళు ఇక్కడికి పంపారు. చూపులేనివాళ్ళు కూడా వాడుకోగలిగేట్టు కంప్యూటరు ప్రోగ్రాములు ఎలా తయారుచెయ్యాలో మిగతా ఉద్యోగులకి నేర్పడం ఆమె పని. తోడుగా వాళ్ళమ్మ వచ్చి ఉంటోంది. ఆవిడ త్వరలో ఊరికి తిరిగి వెళ్ళాలి. ఇంటి దగ్గర ముసలి అత్తగారు మంచం మీద ఉన్నారు.

వాళ్ళమ్మ ఒక సంచీలోంచి ఉన్ని కుర్తా తీసి బల్ల మీద పెట్టింది. మోచేతి దాకా రావలసిన చేతులు భుజం దగ్గరే ఆగిపోయి ఉన్నాయి.

“సూడు అన్నా, నేను రొండు దినాలు జరంతోని పన్నందుకు దీన్ని మిషన్‌ల ఏసింది. బట్టలే ఉతుక్కోరాకపాయె, ఒక్కతే ఎట్లుంటది? నాతోని వచ్చెయ్ అంటే ఇనది.”

అమ్మాయి మొహం ఎర్రబడింది. కానీ గొంతు మామూలుగానే ఉంది. “మమ్మీ, ఉతుకుడు నాకొస్తది. ఏది ఎట్ల ఉతకాల్నో నాకు చెప్పేటోళ్ళు లేరు, అంతే. అంకుల్, నా ఫోన్ అక్షరాలు చదువుతది. డబ్బా మీద రాసింది చదువుతది, బస్సు నంబరు చదువుతది. ఈ పట్టీ ముందట పెడితే మాత్రం ‘మేడ్ ఇన్ ఇండియా’ అని చదివి ఊకుంటది. బొమ్మలు దానికి రావు.”

నేను పట్టీ చూశాను. తొట్టిలో చెయ్యి. ఇంత స్పష్టంగా ఉంది. ఇన్నేళ్ళూ, అక్షరం రానివాడికి కూడా అర్థమయ్యే భాష అని మురిసిపోయాను. చూపు లేనివాళ్ళకి అది ఉత్త గుడ్డముక్క అన్న ఆలోచన నాకెప్పుడూ రాలేదు.

ఆ సాయంత్రం ఫ్యాక్టరీకి వెళ్ళి ఈ సంగతి చెప్పాను. అప్ప సూది పక్కన పెట్టేసింది. “ఓలమ్మ, ఆ గుంటకి ఎంత కట్టమొచ్చీసినాది,” అంది. కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆవిడ మాట్లాడకుండా ఉంటే ఏదో తయారవుతోందని అర్థం.

మర్నాడు మధ్యాహ్నం అన్నాల దగ్గర ఆవిడ తన పథకం బయటపెట్టింది. పట్టీ పక్కనే, మెడ లోపలివైపు, వేలితో తడిమితే తెలిసేట్టు దారంతో ముడులు వెయ్యాలి. చన్నీళ్ళకి ఒక ముడి, గోరువెచ్చటి నీళ్ళకి రెండు. చేత్తో ఉతకాల్సినదానికి చిన్న గీత. కూడదు అన్నచోట అడ్డుకుట్టు. మాస్టర్‌దా చేపముల్లు పళ్ళెం పక్కన పెడుతూ, “దీదీ, మరి త్రికోణం? ఇస్త్రీ వేడి?” అని అడిగాడు. వాటికీ గుర్తులు పుట్టాయి. నేను ఆరబెట్టే మిషన్ సంగతి ఎత్తాను. దానికీ ఒకటి పుట్టింది. అన్నం తినడం మానేసి ముగ్గురం బల్ల మీద పప్పు గింజలు పేర్చి చూసుకున్నాం. ప్రపంచంలో ఎవరికీ తట్టనిది మాకు తట్టిందన్నట్టు ఉంది మా వాలకం.

అప్ప బజారుకి పోయి దారం కొనుక్కొచ్చింది. నిండు ఎరుపు, మెరుస్తోంది.

“చూడలేని పిల్లకి రంగు ఎందుకు దీదీ? తెల్లదారం మన దగ్గరే బోలెడు ఉంది కదా,” అన్నాడు మాస్టర్‌దా. బెంగాలీలో అన్నాడు. అప్ప తెలుగులోనే తిప్పికొట్టింది.

“దానికి ఆపడకపోతే మాత్రం? అందంగా ఉండక్కర్లేదేటి? సూసినోళ్ళు ఏటనుకుంటారు, ఏదో దిక్కులేనోళ్ళకి కుట్టినట్టు!”

 ఇవాళ తలుచుకున్నా ఆ మాటలో తప్పు కనపడదు నాకు.

అమ్మాయి వాళ్ళమ్మతో నేనే ఫోన్‌లో మాట్లాడాను. ఆవిడ సంబరపడి, ఊరెళ్ళేముందు కూతురి బట్టలన్నీ ఇస్త్రీకని చెప్పి తెచ్చి ఇచ్చింది. అమ్మాయికి చెప్పొద్దు, ఆశ్చర్యపోవాలి అనుకున్నాం. అప్ప తన పని పూర్తయ్యాక కూర్చుని ఒక్కొక్కటే కుట్టింది. ఒక్కో మెడ లోపల చిన్న పూలతోటలా తయారైంది. వాళ్ళమ్మ ఆ మూట తీసుకుని, కూతురికి చెప్పడానికి ఏ ముడి దేనికో అడిగి తెలుసుకుని, అప్పకి ఫోన్‌లో దండాలు పెట్టి, నాకు మాత్రం గొంతు తగ్గించి ఒక మాట చెప్పింది.

“మల్లొచ్చినప్పుడు సూస్త అన్నా. పిల్లతోని కాదనిపిస్తే తీస్కపోత. కంపెనీ లేదు ఏం లేదు.”

తరవాత కొన్నాళ్ళకి ఆ అమ్మాయి వచ్చి, “మంచిగున్నయి అంకుల్, పెద్దమ్మకు థాంక్స్ చెప్పండి,” అంది. అంతకంటే ఏమీ అనలేదు. నేను ఆ రెండు ముక్కల్నే నాలుగు చేసి, కాస్త ఉప్పూకారం కలిపి అప్పకి చేరవేశాను. ఆవిడ మొహం చూడాలి ఆ రోజు.

ఇక అసలు రోజు. చలికాలం. న్యూ టౌన్‌లో పొద్దున మంచు ఇంకా పూర్తిగా విడలేదు. షట్టరు ఎత్తి కౌంటరు తుడుస్తున్నాను. అమ్మాయి కారు దిగి కర్రతో మెట్టు వెతుక్కుంటూ వచ్చింది. ఆ రోజే మొదటిసారి పెద్ద హాల్లో, కంపెనీ పెద్దలందరి ముందు నిలబడి పాఠం చెప్పబోతోందట. తెల్ల నూలు కుర్తా వేసుకుంది. కంపెనీకి పోయే దారిలోనే కదా అని ఒక మూట ఉతకడానికి ఇచ్చిపోదామని ఆగింది.

“ఈ కుర్తా నేనే ఉతికిన అంకుల్. పెద్దమ్మ ముడులు చూసి గోరువెచ్చ నీళ్ళు పెట్టిన. ఇస్త్రీ కూడ నేనే. ఎట్లుంది?” అని అటు తిరిగింది.

మెడ వెనక ఎర్రగా పారింది. ముడుల దగ్గర ముదురుగా, కిందికి గులాబీగా, ఒక భుజం మీదా వీపు నడిమధ్యా మరకలు మరకలుగా. దారం రంగు దిగింది. ఉతికాక తడిబట్ట మిషన్‌లోనే కొంతసేపు మడతపడి ఉండిపోయినట్టుంది, మడత ఎక్కడ తాకితే అక్కడ అంటుకుంది. ఆ మరకలతో ఆ పిల్ల లిఫ్టులో దిగింది, కాపలావాళ్ళని దాటింది, కారెక్కింది. ఒక్కరూ చెప్పలేదు.

నాకూ చెప్పబుద్ధి కాలేదు. ఒక్క క్షణం అనిపించింది, ఎలాగూ తనకి తెలియదు కదా, మొహంలో అంత వెలుగు ఉంది, ఇప్పుడు చెప్పి ఆర్పెయ్యడమెందుకని. మరుక్షణం హాలు గుర్తొచ్చింది. అక్కడున్న అందరికీ కనపడుతుంది, ఈ పిల్లకొక్కదానికే తెలియదు. 

“అమ్మా, ఒక మాట. ఎలగ సెప్పాలో తెలీట్లేదు,” అన్నాను.

“చెప్పండి.”

“మా దారం రంగు వొగ్గీసినాదమ్మా. కుర్తా ఎనక ఎర్రగా అంటుకున్నాది.”

 కర్ర పిడి మీద ఆమె వేళ్ళు బిగుసుకున్నాయి. తరవాత, “ఎంత పెద్దగుంది? చూపించండి,” అంది. నాకు అర్థం కాలేదు. ఆమె తన చెయ్యి వెనక్కి చాపింది. అప్పుడు ఆమె చూపుడువేలు పట్టుకుని మరక అంచు వెంబడి నడిపించాను. మెడ దగ్గర మొదలు, భుజం మీదుగా, అందినంతవరకు వీపు మీదికి.  

“చాన పెద్దగనే ఉంది,” అంది. కౌంటరు మీది మూట తడిమి, “మూటల ఒక షాల్ ఉంది అంకుల్, బూడిద రంగుది. అది ఇయ్యండి. ఉతకకపోయినా మంచిగనే ఉందా?” అని అడిగింది. వెలుతురులో పట్టి అటూ ఇటూ తిప్పి చూశాను. శుభ్రంగానే ఉంది. కప్పుకుంది. అంచులు సరిగ్గా పడ్డాయో లేదో నన్ను అడిగి సర్దుకుంది.

“మమ్మీకి చెప్పకండి,” అంది కారెక్కబోతూ. మళ్ళీ ఆగింది. “మీరు చెప్పిండ్రు కదా, అది మంచిగైంది. తెలిస్తే చాలు, నేను చూస్కుంట.”

కారు వెళ్ళగానే ఫ్యాక్టరీకి ఫోన్ చేశాను. మాస్టర్‌దా ఎత్తాడు. విషయం విని పెద్ద నిట్టూర్పు విడిచాడు. ఊళ్ళో ఎవరి బట్ట వచ్చినా, రంగు మీద అనుమానముంటే తెల్ల గుడ్డ తడిపి ఒక మూల రుద్ది చూస్తాం. గుడ్డకి రంగు అంటితే ఆ బట్టని వేరుగా పెడతాం. అది మా పనిలో ఓనమాలు. మేం కొన్న దారానికి మాత్రం ఆ తడిగుడ్డ పెట్టాలని ముగ్గురిలో ఒక్కరికీ తోచలేదు. మంచి చేస్తున్నామన్న సంతోషంలో ఉన్నవాడికి ఓనమాలు గుర్తుండవు.

ఫోన్ వెనకనుంచి అప్ప కేక వినపడింది. తరవాత ఏమీ వినపడలేదు. ఆవిడ అప్పటికే చెప్పుల్లో కాళ్ళు పెట్టిందట. ఖిదిర్‌పూర్ నుంచి న్యూ టౌన్‌కి బస్సులో అయితే ఆలస్యమవుతుందని, తన జన్మలో మొదటిసారి ఫోన్‌తో పిలిచే టాక్సీ మాస్టర్‌దా చేత పిలిపించుకుని ఎక్కింది. ఒళ్ళో తన కూతురి కొత్త చుడీదార్ ఒకటి, మడత విప్పనిది. పిల్ల అది వేసుకుని పోతుందని.

ఆవిడ వచ్చేసరికి పిల్ల వెళ్ళి చాలాసేపైంది.

“ఎల్లిపోనాదా?” అంది గుమ్మంలోనే.

“ఎల్లిపోనాదప్పా. షాలు కప్పుకున్నాది.”

కౌంటరు వెనక స్టూలు మీద కూలబడింది. “నాకెందుకురా తమ్ముడూ ఈ సింగారం? తెల్లదారం అన్నాడు కదా ఆ బాబు. ఇన్నానా? అందం గావాల నాకు!” చుడీదార్‌ని గుండెకి అదుముకుని ఏడ్చింది. టీ తెప్పిస్తే తాగలేదు. మట్టిపిడతలో టీ చల్లారిపోయింది. వచ్చిన కస్టమర్లు ఎవరో పోయారనుకుని గొంతు తగ్గించి మాట్లాడారు. ఫ్యాక్టరీకి తిరిగి వెళ్ళమంటే వెళ్ళదు. ఆ పిల్ల మొహం చూసి గానీ కదలనంది.

మధ్యాహ్నం దాటాక అమ్మాయి వచ్చింది. షాలు చేతి మీద వేసుకుని ఉంది. కప్పుకుని లేదు. గుమ్మం ఎక్కగానే అప్ప ఎదురెళ్ళి ఆమె రెండు చేతులూ పట్టుకుంది.

“నన్ను సెమించమ్మా. నీ బట్టంతా పాడు సేసీసినాను.”

“పెద్దమ్మా? మీరు ఇక్కడికొచ్చిండ్రా?” అమ్మాయి ఆ చేతుల్ని వదలకుండానే కుర్చీ వెతుక్కుని కూర్చుంది. “ఏడ్వకుండ్రి. ఈ దినం ఏమైందో చెప్త ఇనుండ్రి.”

హాల్లో మొదట షాలు కప్పుకునే మొదలుపెట్టిందట. సగం పాఠం అయ్యాక, మనసులో ఏమనిపించిందో, షాలు తీసేసి వెనక్కి తిరిగి నిలబడిందట. “నా వెనక ఎర్రమరక ఉంది. నాకు కనపడది, మీకు కనపడుతుంది. పొద్దుగాల నుంచి నాకు ఎదురొచ్చినోళ్ళల్ల ఒక్క మనిషే చెప్పిండు,” అని మొదలుపెట్టి, పట్టీ సంగతి, దాని బొమ్మల దగ్గర ఫోన్ మూగబోయే సంగతి, మా ముడుల సంగతి అంతా చెప్పేసిందట. మేం ఎంత ప్రేమగా కుట్టామో చెప్పిందట. కానీ ఏం కావాలో తనని ఒక్కమాట అడగలేదని కూడా చెప్పిందట. “మీరు గూడ గిట్లనే చేస్తరు. మా కోసం అని మస్తు కష్టపడి చేస్తరు, మమ్ములను అడగరు,” అని ఆ కంపెనీ పెద్దలకి చెప్పిందట. ఆ తరవాత ఒక్కరూ ఫోన్ ముట్టుకోకుండా విన్నారట.

అప్ప ఏడుపు ఆగింది. “మా పేర్లు సెప్పీసినావేటి అందరికీ?” అంది భయంగా.

“పేర్లు చెప్పలే పెద్దమ్మా.”

“అమ్మయ్య.”

అమ్మాయి గట్టిగా నవ్వింది. ఆ నవ్వు చూసి ధైర్యం చేసి నేను అడిగాను. “మరి ఆ ముడులు పనికొచ్చినాయా లేదా? నిజం సెప్పమ్మా.”

“నిజం చెప్పాల్నా?” అని మెడ వెనక గోక్కుంది. “మెడకాడ దురద పెడుతున్నయి. ఏ ముడి దేనికో యాదికుండది. అడ్డకుట్టు దేనిమీదనో దొర్కది. మీకు చెప్తే బాధపడతరని చెప్పలే. అది నా తప్పు.”

అప్ప నాకేసి చూసింది. నేను ఉప్పూకారం కలిపి చేరవేసిన మాటలు ఆవిడకి గుర్తొచ్చి ఉంటాయి. నేను గోడకేసి చూశాను.

“అయితే నీకేటి గావాలమ్మా? ఇప్పుడు అడుగుతున్నాను సూడు,” అంది అప్ప.

“నాకు ఇన్ని గుర్తులు వద్దు పెద్దమ్మా. నీళ్ళు ఎంత వేడి, ఇస్త్రీ ఎంత వేడి, అన్నీ తక్కువ పెట్టుకుంట, ఏ లొల్లీ ఉండది. నాకు తెల్వాల్సింది ఒక్కటే. ఇది మిషన్‌ల ఏస్కోవచ్చా, చేత్తో ఉతకాల్నా, మీకియ్యాల్నా.” ఆమె తన మెడ వెనక చెయ్యి పెట్టి పట్టీని బయటికి లాగింది. “ఇది ఉండనే ఉంది కదా. కుట్టుడు ఎందుకు? మిషన్‌ది అయితే దీన్ని ముట్టకుండ్రి. చేత్తో ఉతికేది అయితే ఒక మూల కత్తిరించుండ్రి. మీకు ఇచ్చేది అయితే రొండు మూలలు. అయిపాయె.”

అప్పా నేనూ మొహాలు చూసుకున్నాం. పప్పు గింజలు పేర్చి, చేపముల్లు పక్కన పెట్టి, అన్నం చల్లార్చుకుని మేం కట్టిన కోట అంతా రెండు కత్తెర గాట్లలో తేలిపోయింది. అప్ప బొడ్డు దగ్గర ఎప్పుడూ చిన్న కత్తెర దోపుకుని ఉంటుంది. అప్పటికప్పుడే తీసింది. అమ్మాయి ఇచ్చిన మూటలోంచి ఒక్కో బట్టా నేను చదవడం, అప్ప కత్తిరించడం, అమ్మాయి వేలితో తడిమి చూసి “ఇది చేత్తో ఉతికేది, ఇది మీది,” అనడం. ఒకచోట అప్ప మూల మరీ కొంచెంగా కత్తిరిస్తే, “ఇట్ల కాదు పెద్దమ్మా, పెద్దగ కొయ్యాలె,” అని దిద్దింది.

సాయంత్రం అప్పే తను తెచ్చిన చుడీదార్ అమ్మాయికి తొడిగించి, తెల్ల కుర్తా ఫ్యాక్టరీకి పట్టుకెళ్ళింది. మాస్టర్‌దా ముందు పట్టీ చూశాడు. త్రికోణం ఖాళీగా ఉంది. అంటే బ్లీచింగ్‌కి ఆ బట్ట తట్టుకుంటుందని. లోపల గీతలుంటే ఒకరకం మందే వాడాలి, కొట్టేసి ఉంటే అసలు తాకకూడదు. ఆ ఖాళీ త్రికోణాన్ని చూసి ఆయన దేవుడి పటానికి మొక్కినట్టు మొక్కాడు. అప్ప తను వేసిన ముడులన్నీ, మిగతా బట్టల మీదివి కూడా, తనే విప్పింది. వెయ్యడం కంటే విప్పడానికే ఎక్కువ ఓపిక కావాలంది. ఇస్త్రీ వేడికి రంగు కొంత పట్టుకుపోవడంతో మరక మొండికేసింది. మాస్టర్‌దా దాన్ని నానబెట్టి, ఉతికి, మళ్ళీ నానబెట్టి, దానితో మాట్లాడుతూ చివరికి వదిలించాడు. దాంతో కలిపి ఉతికిన తువ్వాళ్ళు రెండు మాత్రం గులాబీగానే మిగిలిపోయాయి. ఆ సంగతి చెబితే అమ్మాయి, “గులాబీ మంచి రంగేనా?” అని అడిగి, మంచిదే అంటే, “అయితే ఉండనియ్యండి,” అంది.

ఎండలు ముదరకముందే వాళ్ళమ్మ మళ్ళీ వచ్చింది. ఒక మధ్యాహ్నం ఇద్దరూ ఒక మూటతో కౌంటరుకి వచ్చారు. ఆ రోజు అప్ప కూడా ఏదో పని మీద వ్యానులో వచ్చి ఉంది. వాళ్ళమ్మ మొహం మాడ్చుకుని ఉంది.

“కొత్త బట్టలకు పట్టీలు ఎవలు కోసిండ్రు అన్నా? ఎలుకలు కొట్టినట్టున్నయి. ఎర్ర ముడులు మంచిగుండె కదా.”

 అమ్మాయే చెప్పింది, మూలల సంగతి. మరకల సంగతి కూడా, దాచకుండా మొదటినుంచీ చెప్పింది. వాళ్ళమ్మ విన్నంతసేపూ మూట ముడి మీద చెయ్యి పెట్టి కదలకుండా నిలబడింది. తరవాత మూట విప్పి, కళ్ళు మూసుకుంది. ఒక్కో బట్టా తీసి, మెడ వెనక పట్టీ తడిమి, ఇటొకటి అటొకటి పెట్టడం మొదలుపెట్టింది.  కొన్ని సరిగ్గానే పెట్టింది. ఆ బూడిద రంగు షాలు దగ్గర తడబడి, పట్టీని తిరగేసి పట్టుకుని, ఇంట్లో మిషన్‌లో వేసే కుప్పలో పెట్టేసింది.

అమ్మాయి ఆ కుప్ప మీదుగా ఒకసారి చెయ్యి పోనిచ్చి, షాలు బయటికి తీసి, కౌంటరు మీద నావైపు పెట్టింది. “మమ్మీ, ఇది రొండు మూలలది.”

వాళ్ళమ్మ వెంటనే కళ్ళు తెరవలేదు.  తెరిచాక ఎవరి వంకా చూడకుండా, “ఇంటికాడ అందరు అడుగుతరు, పిల్ల ఎప్పుడస్తదని. ఏమని చెప్పాలె?” అంది.

“బతుకమ్మకు వస్తదని చెప్పు. పండుగకు వచ్చి, మళ్ళ ఇక్కడికే పోతదని చెప్పు.”

“సరే తియ్,” అంది వాళ్ళమ్మ. ముక్కు చీది, కొంగుతో తుడుచుకుని, తన చేతిసంచీలోంచి మడత పెట్టిన చీర ఒకటి తీసింది. పాత పట్టుచీర. చీరలకి పట్టీలుండవు. దాన్ని నాకివ్వలేదు, అప్పకీ ఇవ్వలేదు. కూతురి చేతుల్లో పెట్టి అడిగింది.

“గిది ఎట్ల ఉతకాల్నో సూసి చెప్పు బిడ్డా.”